పెన్సిల్ రాతలు

"నీకు తెలుసా, తెలీదా? ఆ ఒక్క మాట సెప్పు జయంతమ్మా. ఇంగేమీ అడగను."

ఏకాంబరం ఇంకా కూర్చోలేదు. తెల్లవారకముందే పలమనేరులో బస్సెక్కి, తిరుచానూరులో దిగి, లాడ్జీల సందులోంచి భార్యను వెంటబెట్టుకొని నడిచి వచ్చాడు. చెప్పులైతే వాకిట్లో విడిచాడు గానీ తమ్ముడు లాగి వేసిన కుర్చీ వైపు చూడను కూడా చూడలేదు.

అతని చేతిలో నాలుగు మడతలు పెట్టిన కాగితం ఉంది. ఇంటర్నెట్ సెంటర్‌లో తీయించిన ప్రింటు. ఇంజనీరింగ్ ప్రవేశ పరీక్షలో కూతురు రూపశ్రీ ఏ ప్రశ్నకు ఏ జవాబు పెట్టిందో చూపించే కాగితం.

డెబ్బై ఐదు ప్రశ్నలు. డెబ్బై ఐదింటికీ ఎదురుగా ఒకటే మాట. జవాబు ఇవ్వలేదు.

"నన్నడుగు నాయనా," అంది రూపశ్రీ. మేడ మెట్ల మీద, నాలుగో మెట్టు దగ్గర, కడ్డీ పట్టుకొని నిలబడి ఉంది. "చిన్నమ్మను ఎందుకు అడుగుతావు?"

"నువ్వు గమ్మునుండు. నీ సంగతి తర్వాత."

గడప లోపల గోడకు ఆనుకొని కూర్చున్న వరలక్ష్మమ్మ కూతురి వైపు ఒకసారి చూసి, కొంగు భుజం మీదికి లాక్కుంది. వచ్చినప్పటి నుంచి ఆమె మంచినీళ్ళు తప్ప ఏమీ అడగలేదు.

జయంతి గొంతు సవరించుకుంది. ఇరవై ఆరేళ్ళుగా క్లాసుల ముందు నిలబడి మాట్లాడిన గొంతు అది.

"తెలుసు బావా."

"ఎప్పుడు తెలిసింది?"

"పరీక్ష నాటి సాయంత్రమే."

అన్నకు కాఫీ గ్లాసు తెస్తున్న భానుచందర్ హాలు మధ్యలో ఆగిపోయాడు. భార్య మొహంలోకి చూశాడు. పరీక్ష జరిగి పద్దెనిమిది రోజులైంది. ఈ పద్దెనిమిది రోజుల్లో అతను అన్నతో మూడుసార్లు ఫోన్‌లో మాట్లాడాడు. మూడుసార్లూ, "పాప బాగా రాసిందంట అన్నా," అని చెప్పాడు.

"అంటే భానాకు కూడా తెలీదన్న మాట," అన్నాడు ఏకాంబరం, తమ్ముడి మొహం చూసి. "నా తమ్ముని ఇంట్లో నా తమ్మునికే తెలీకుండా జరిగుండాది."

"నేనే చెప్పొద్దన్నాను," అంది రూపశ్రీ. "నాలుగు దినాలు ఆగు చిన్నమ్మా, నేనే చెప్తానని నేనే అన్నాను."

"పదిహేడేండ్ల పిల్ల సెప్పొద్దంటే సెప్పకుండా ఉండేదానికి ఆమె నీ జతకత్తె కాదు మే. టీచరు."

నాలుగు రోజులు ఎనిమిదైనప్పుడే జయంతి ఫోన్ తీయాల్సింది. తీసింది కూడా. పేరు నొక్కబోయి, మేడ మీద కాగితం తిప్పిన చప్పుడు విని, ఫోన్ పక్కన పెట్టేసింది. అది బావకు ఎలా చెప్పాలి?

"రెండేండ్ల కింద హాస్టల్లో ఎయ్యమన్నారు అందరూ. నేను ఎయ్యలేదు," అన్నాడు ఏకాంబరం. గొంతు పెంచలేదు. పెంచి ఉంటే జయంతికి కొంచెం తేలిగ్గా ఉండేది. "మా మరదలు లెక్చరరు, ఆమె ఇంట్లోనే ఉంటాది, ఆమె కాలేజీలోనే సదువుతాది అని పలమనేరంతా సెప్పుకున్నా. నువ్వు మూడు పూటలా అన్నం పెట్టినావు. కాదనను. ఆ అన్నంతో పాటు ఏం పెట్టినావో, అది సెప్పు."

భానుచందర్ కాఫీ గ్లాసు టీపాయ్ మీద పెట్టి, భార్యను కళ్ళతోనే వంటింట్లోకి పిలిచాడు.

*

భానుచందర్‌కు అరవడం రాదు. తిరుపతిలో మోటార్లు, పంపుల అంగడి. కాలిపోయిన మోటారు పట్టుకొచ్చి రైతులు బూతులు తిడుతుంటే కూడా నవ్వుతూ విప్పి చూసే మనిషి. ఇప్పుడు నవ్వడం లేదు.

"నా నోటితో మూడుసార్లు అబద్ధం చెప్పించినావు."

"నేను చెప్పమనలేదు."

"నిజం దాచిపెట్టినావు. నేను అడిగితే 'బాగానే రాసిందిలే' అన్నావు. ఆ మాటే అన్నకు చెప్పినాను. చెప్పించినట్ల కాదా?"

జయంతి స్టవ్ మీద పాలు చూస్తూ నిలబడింది. పొంగు వచ్చింది. ఆమె మంట తగ్గించింది.

"ఆ పొద్దు ఏం జరిగింది? నాకన్నా చెప్పు."

"మూడు గంటలూ లోపలే కూర్చుందంట. కంప్యూటర్ వైపు చూడలేదంట. లెక్కలు చేసుకోమని ఇచ్చిన రఫ్ పేపర్ల మీద ఏదో రాసుకుంటా కూర్చుంది. బయటికొచ్చేటప్పుడు ఆ పేపర్లు వాళ్ళు తీసేసుకున్నారు. ఇంటికొచ్చి, గుర్తున్నది గుర్తున్నట్ల మళ్ళీ నోటుబుక్కులో రాసి నాకు తెచ్చి ఇచ్చింది."

"నువ్వేం చేసినావు?"

"తిట్టడానికే పిలిచినాను." ఆమె ఆగింది. "ముందు చదివినాను. చదివినాక తిట్టేది మర్చిపోయినాను."

భానుచందర్ ఆమె వైపు చాలాసేపు చూశాడు.

"ఇప్పుడు అన్న అడగబోయేది నేనే ముందు అడుగుతా. అమర్‌ను ఎందుకు ఇంజనీరింగ్‌కు పంపినావు?"

అమర్‌నాథ్ వాళ్ళ కొడుకు. చిత్తూరులో ఇంజనీరింగ్ చదివి ఇప్పుడు బెంగళూరులో ఉద్యోగం చేస్తున్నాడు.

"వాడు ఒక్క దినం కూడా ఒక కథ చదివి నా దగ్గరికి రాలేదు."

"వచ్చుంటే?"

జయంతి నోరు తెరిచింది. వచ్చుంటే ముందు పరీక్ష రాయమని ఉండేది. చెవి పట్టుకొని రాయించి ఉండేది. ఆ సంగతి ఆమెకు ఈ క్షణమే తెలిసింది. తెలిసినందుకు మొగుడి మీద కోపం వచ్చింది.

"పాలు తీసుకోండి," అంది.

"అదీ," అన్నాడు భానుచందర్. "నీ బిడ్డ అయితే ఒకటి, మా అన్న బిడ్డ అయితే ఒకటి." కాఫీ కలపకుండానే హాల్లోకి వెళ్ళిపోయాడు.

ఆ మాట నిజం కాదు. అబద్ధమని చెప్పడానికీ వీల్లేదు.

జయంతి చదివింది పాకాల బాలికల హైస్కూల్లో, తెలుగు మీడియంలో. కాలేజీలో ఇంగ్లీషు క్లాసంటే వెనక బెంచీలో తల దించుకొని కూర్చున్న పిల్ల. తర్వాత అదే భాషలో ఎమ్మే చేసింది. పరిశోధన చేయాలనుకుంది. పెళ్ళయింది, అమర్ పుట్టాడు, ప్రైవేటు జూనియర్ కాలేజీలో తాత్కాలికంగా చేరింది. ఆ తాత్కాలికం నాలుగు కాలేజీలు మారి ఇరవై ఆరేళ్ళయింది.

ఆ కాలేజీల్లో ఇంగ్లీషు పీరియడ్ అంటే లెక్కల సారుకు సిలబస్ మిగిలిపోతే తీసుకొనే పీరియడ్. పిల్లలు కెమిస్ట్రీ హోంవర్క్ చేసుకొనే పీరియడ్. ఇంటర్ పుస్తకంలో పదహారు పంక్తుల పద్యం ఉంటే, దానికి ఎనిమిది పాయింట్లు అచ్చేసి ఇస్తారు. ఆ ఎనిమిదీ బట్టీ పట్టిస్తే చాలు, పద్యం చదవనక్కర్లేదు. జయంతి నిరుడు ఆ పదహారు పంక్తులను పదకొండు రోజులు చెప్పింది. పన్నెండో రోజు మెమో వచ్చింది.

ఏడాదికి నలుగురో ఐదుగురో పిల్లలు ఆమె చెప్తుంటే రాసుకోవడం ఆపి తలెత్తి చూసేవారు. ఆ చూపు కోసమే ఆమె పొద్దున్నే లేచి బస్సెక్కేది. ఆ పిల్లలంతా ఏప్రిల్ రాగానే పరీక్షలు రాసి, ఎక్కడెక్కడికో వెళ్ళి, ఇంజనీర్లయి, పెళ్ళి పత్రికలు పంపించారు. ఒక్కరూ మళ్ళీ ఒక పద్యం గురించి మాట్లాడలేదు.

ఇరవై ఆరేళ్ళకు ఒక పిల్ల తల దించలేదు. ఆ పిల్ల తన ఇంట్లోనే, మేడ మీది గదిలోనే ఉండటం జయంతి తప్పా?

కిటికీ గట్టు మీద ఫోన్ మోగింది. కాలేజీ డీన్ మునిశేఖర్.

"నమస్తే మేడమ్. వాట్సాప్‌లో లెటర్ పంపినాను, చూసినారా?"

"ఏం లెటర్?"

"మీ బావగారు నిన్న చైర్మన్‌గారికే ఫోన్ చేసినారు మేడమ్. వాళ్ళ ఊరి పిల్లలు ఆరుమంది మన దగ్గర ఉండారు గదా, అందరినీ తీసేస్తామన్నారంట. చైర్మన్‌గారు నన్ను పిలిచి అడిగినారు, ఈ మేడమ్ క్లాసులో ఏం చెప్తాంది అని."

"నువ్వేం చెప్పినావు?"

మునిశేఖర్ ఒకప్పుడు ఆమె విద్యార్థి. అతని బ్యాచ్‌లో తలెత్తి చూసిన నలుగురిలో ఒకడు.

"నేనేం చెప్తాను మేడమ్. మీరు బాగా చెప్తారనే చెప్పినాను. ఆయన, 'బాగా చెప్పేది ఎందుకు, సిలబస్ చెప్పమను' అన్నాడు. లెటర్‌లో పెద్దగా ఏం లేదు. సిలబస్‌లో లేనిది చెప్పను, పిల్లలను కోర్సు మార్చుకోమని ప్రోత్సహించను, జరిగినదానికి చింతిస్తున్నాను. అంతే. సాయంత్రంలోపల సంతకం పెట్టి పంపితే వచ్చే సంవత్సరానికి రెన్యువల్ అయిపోతాది."

"పెట్టకపోతే?"

"ఎందుకు మేడమ్ అంత దూరం. స్పోకెన్ ఇంగ్లీషుకని ఇద్దరు కొత్తవాళ్ళు వచ్చి డెమో క్లాసులు చెప్పిపోయినారు. వయసులో చిన్నవాళ్ళు." కొంచెం ఆగి, నిజంగానే వినయంగా అన్నాడు. "మీరు నేర్పిన ఇంగ్లీషుతోనే రాసినాను మేడమ్. తప్పులుంటే దిద్దండి."

ఫోన్ పెట్టేశాక ఆమె ఆ ఉత్తరం తెరిచింది. పన్నెండు పంక్తులు. నాలుగో పంక్తిలో ఒక క్రియ తప్పుంది. తొమ్మిదో పంక్తిలో వాక్యం సగంలో కర్త మారిపోయింది. అలవాటైన వేళ్ళు వాటంతట అవే కదిలాయి. రెండు తప్పులూ దిద్ది తిరిగి పంపించింది.

వెంటనే జవాబు వచ్చింది. థాంక్యూ మేడమ్, ప్రింటు తీయించి పెడతాను. పక్కన దండం పెట్టే చేతుల బొమ్మ.

అప్పటికి గానీ తను ఏం చేసిందో జయంతికి అర్థం కాలేదు. తన క్షమాపణ పత్రాన్ని తనే దిద్ది, వ్యాకరణం సరిచేసి, పంపించింది. వాళ్ళు దాన్ని ఒప్పుకోలు అనుకున్నారు.

హాల్లోంచి రూపశ్రీ గొంతు వినిపించింది. "అది ఇవ్వు చిన్నాయనా. అది నాది."

*

ఏకాంబరం ఇప్పుడు కూర్చొని ఉన్నాడు. అతని ఒళ్ళో పొడుగాటి నోటుబుక్కు. అన్న అడిగితే భానుచందర్ మేడ మీది గదిలోంచి తెచ్చి ఇచ్చాడు. రూపశ్రీ మెట్లు దిగబోయి, తండ్రి ఒక్క చూపు చూడగానే అక్కడే ఆగిపోయింది.

ఏకాంబరానికి ఇంగ్లీషు రాదు. అయినా రెండు చేతిరాతలను వేరు చేయడానికి భాష రానక్కర్లేదు.

"ఈ నీలం ఇంకు నా కూతురి రాత. పక్కన ఈ పెన్సిల్ రాత ఎవరిది?"

"నాది బావా."

"ఈడ ఏమని రాసినావు?"

జయంతి వంగి చూసింది. "ఇక్కడ ఆగొద్దు అని."

"ఈడ?"

"ఇంకా దగ్గరికి పోయి చూడు అని."

ఏకాంబరం పెదవులు ఒక పక్కకు కదిలాయి. "పరీక్షలో ఆగిపోయింది. దాన్ని ఒగ మాట అనలేదు. దీంట్లో మాత్రం ఆగొద్దన్నావు." పేజీ తిప్పాడు. "భానా, నువ్వు సదువు. అంతగా రాసే విషయం ఏముండాదో నేనూ ఇంటాను."

భానుచందర్ కళ్ళజోడు పెట్టుకున్నాడు. అతని ఇంగ్లీషు పంపుల క్యాటలాగుల ఇంగ్లీషు. వేలు పెట్టి కూడబలుక్కుంటూ చదివాడు.

"పాలకేంద్రం... పొద్దున ఐదు గంటలు... మా అమ్మ... క్యాన్... తర్వాత మా నాయన అని ఉండాదన్నా."

"నేనేం జేసినానంట?"

భానుచందర్ తర్వాతి పంక్తి మీద వేలు పెట్టాడు. రెండుసార్లు పెదాలు కదిపాడు. అర్థం కాలేదో, అయిందో, పుస్తకం భార్య చేతిలో పెట్టేశాడు. "నాకు ఇంత ఇంగ్లీషు రాదు. నువ్వు చెప్పు."

"తెలుగులో సెప్పు జయంతమ్మా," అన్నాడు ఏకాంబరం. "ఉన్నది ఉన్నట్ల."

జయంతికి ఆ పేజీలు చూడకుండానే వచ్చు. ఐదేళ్ళ కిందటి మాట. పన్నెండేళ్ళ పిల్ల తల్లితో పాలకేంద్రానికి వెళ్ళింది. క్యూలో ముప్పై మంది. పాలు పరీక్ష చేసినవాడు అందరి ముందూ అన్నాడు, నీళ్ళు కలిసినాయని. అప్పుడే మోటారుసైకిల్ మీద వచ్చిన తండ్రి ఆ మాట విని, తల్లి చేతిలోంచి క్యాన్ లాక్కొని, ఆ పాలన్నీ ఆమె నెత్తిన గుమ్మరించాడు. ఆ నీళ్ళు కలిపింది తల్లి కాదు. ఆ తెల్లవారుజామున కొళాయి దగ్గర క్యాన్ పట్టుకొని నిలబడింది తండ్రే. పిల్ల చూసింది. క్యాన్ మూత పిల్ల చేతిలోనే ఉంది. పిల్ల నోరు తెరవలేదు. తడిసిన చీరతో తల్లి రెండు మైళ్ళు నడిచి ఇంటికొచ్చింది. పిల్ల వెనకాలే వచ్చింది, పది అడుగుల దూరంలో, ఆమె ఎవరో తనకు తెలియనట్టు.

చదివిన రోజు జయంతి ఆ పది అడుగుల దగ్గర ఆగిపోయి, చాలాసేపు పేజీ తిప్పలేకపోయింది. వేల పేపర్లు దిద్దింది. ఇలాంటి పేజీ ఎప్పుడూ తన చేతికి రాలేదు.

గోడ దగ్గర వరలక్ష్మమ్మ చేతులు ఒళ్ళో పెట్టుకొని ఎదురుచూస్తోంది. ఏం వినబోతుందో ఆమెకు తెలియదు. ఇవాళ సాయంత్రం ఈ మొగుడితోనే బస్సెక్కి ఆ ఇంటికే వెళ్ళాలి.

పాకాలలో ఏబెల్ సారు ఎనిమిదో తరగతి ఆడపిల్లలతో రోజూ ఒక ఇంగ్లీషు వాక్యం చెప్పించేవాడు. దారిలో కళ్ళతో చూసినదే చెప్పాలి. తప్పుల్లేకుండా అబద్ధం చెప్పిన పిల్లను నిలబెట్టేవాడు, తప్పులతో నిజం చెప్పిన పిల్లను కూర్చోమనేవాడు. జయంతి తన క్లాసుల్లోనూ ఇరవై ఆరేళ్ళు అదే చేసింది. రూపశ్రీ కూడా ఆ బెంచీల్లోనే రెండేళ్ళు కూర్చుంది.

"ఆవుల గురించి బావా," అంది జయంతి.

మెట్ల మీద రూపశ్రీ కడ్డీ వదిలేసింది.

"ఆవులా?"

"మీ ఇంటి ఆవులు. పొద్దన్నే మంచులో పాలు పితికేది, పాలకేంద్రం కాడికి మోసుకొని పోయేది. అక్కడ జనం, క్యూ. ఆ మాదిరి రాసింది."

"నా గురించి?"

జయంతి పేజీ వైపే చూస్తూ చెప్పింది. "మా నాయన రాత్రింబగళ్ళు కష్టపడతాడు, ఎవరినీ ఒక మాట అనడు, ఆ ఆవుల మీదే మమ్మల్ని చదివిస్తా ఉండాడు అని."

ఏకాంబరం మొహం మెల్లగా మారింది. పొద్దుటి నుంచి బిగుసుకొని ఉన్న దవడ సడలింది. తువ్వాలుతో మెడ తుడుచుకున్నాడు, తర్వాత కళ్ళు తుడుచుకున్నాడు. జయంతికి అది చూడటం అన్నిటికన్నా కష్టమైంది.

"అట్లనా రాసింది," అన్నాడు. కాఫీ గ్లాసు చేతిలోకి తీసుకున్నాడు. చల్లారిపోయిన కాఫీని రెండు గుక్కల్లో తాగేశాడు. "నేను వేరే ఏమో అనుకున్నా. నాయన మీద అంత ప్రేమ ఉండేది పరీక్ష ఎందుకు రాయలేదు?"

"చిన్నపిల్ల అన్నా," అన్నాడు భానుచందర్, ఊపిరి వదులుతూ. "ఇంగో తూరి రాస్తాది. ఒక సంవత్సరం పోతే ఏమైంది."

"రాయాల. నేను కాలేజీకి ఫోన్ జేసి సెప్తా, మా మరదలు తప్పేం లేదని." ఏకాంబరం జయంతి వైపు తిరిగాడు. గొంతులో ఇప్పుడు బతిమాలుకోలు ఉంది. "నేను సెప్తే అది ఇనదు. నువ్వు సెప్తే ఇంటాది. ఇట్లాంటివి రాసేది మంచిదే, కాదనను. దీనికోసం సదువు ఇడిసిపెట్టేంత గొప్ప ఏమీ లేదని ఒగ మాట సెప్పు. మా ముందరే సెప్పు."

భానుచందర్ ఆమె వైపే చూస్తున్నాడు. ఒక్క మాట. ఆ మాట చెప్తే అన్నదమ్ములు కలిసి భోజనానికి కూర్చుంటారు. కాలేజీ ఉంటుంది. జూన్‌లో క్లాసు ఉంటుంది, ఆ క్లాసులో మళ్ళీ నలుగురు తలెత్తి చూస్తారు.

"రూపా," అంది జయంతి. గొంతు తనది కాదన్నట్టు వినిపించింది. "ఇది మామూలు వ్యాసమే. ఇంత మాత్రం రాసేవాళ్ళు ప్రతి క్లాసులో ఇద్దరు ముగ్గురు ఉంటారు. నువ్వు ముందు పరీక్ష రాయి."

రూపశ్రీ ఏడవలేదు. ఒక్కో మెట్టూ దిగి వచ్చి ఆమె ఎదుట నిలబడింది.

"ఆవులు యాడుండాయి చిన్నమ్మా? ఏ పేజీలో?"

జయంతి పుస్తకం మూసింది.

"ఇది బాగలేదని నువ్వు చెప్పినా నేను నమ్ముతాను. నువ్వు చెప్తే ఏదైనా నమ్ముతాను. అది నీకు తెలిసే చెప్పినావా?"

రూపశ్రీ పుస్తకం కోసం చెయ్యి చాపింది. జయంతి ఆ మణికట్టు పట్టుకుంది.

"చదవొద్దు," అంది చిన్నగా.

ఒక విద్యార్థితో ఆమె ఆ మాట అనడం అదే మొదలు.

రూపశ్రీ చెయ్యి విడిపించుకొని పుస్తకం తీసుకుంది. మెట్ల దాకా వెనక్కి నడిచి తల్లి వైపు తిరిగింది. "అమ్మా, నేను రాసింది ఆవుల గురించి కాదు. పాలకేంద్రం కాడ జరిగింది."

వరలక్ష్మమ్మ మొహంలో రక్తం దిగిపోయింది.

"పాలకేంద్రం కాడ ఏం జరిగింది?" అన్నాడు ఏకాంబరం. ఒకరి తర్వాత ఒకరి మొహంలోకి చూశాడు. దాచడం కోసం అడిగిన ప్రశ్న కాదది. అతనికి నిజంగానే గుర్తులేదు.

"నీకు తెలీదా?" అంది వరలక్ష్మమ్మ.

పొద్దుటి నుంచి ఆమె మొగుడితో అన్న మొదటి మాట అది. ఏకాంబరం తల అడ్డంగా ఊపాడు. ఆమె అతన్ని కాసేపు చూసి, గోడ పట్టుకొని లేచింది.

వీధిలో పూలమ్మే మనిషి ఎవరో గుమ్మం ముందు ఆగి, కనకాంబరాలు కావాలా అని కేక వేసింది. వద్దని చెప్పి వరలక్ష్మమ్మ వీధి తలుపు మూసింది. గడియ పెట్టింది. మొగుడి పక్క కుర్చీ దాటుకొని వచ్చి, కూతురి కాళ్ళ దగ్గర, మొదటి మెట్టు మీద కూర్చుంది.

"నువ్వు నా ఎనకాల వచ్చినావు ఆ పొద్దు," అంది. "నా పక్కకు రాలేదు. ఎందుకు రాలేదో అది కూడా రాసినావా?"

రూపశ్రీ తల ఊపింది.

"వరలక్ష్మీ," అన్నాడు ఏకాంబరం.

ఆమె అటు తిరగలేదు.

"నాకు అర్థం కాని బాసలో రాసినావు మే. ఇప్పుడు నాకు అర్థమయ్యేటట్ల సదువు. మొదటి నుంచీ సదువు."

రూపశ్రీ మొదటి పేజీ తీసింది.